ఆశ్రమం దాటిన పిల్లలకు అండ: చందా ఎటు వెయ్యాలి, సమయం ఎవరికి ఇవ్వాలి?

కార్తీక మాసం ముగిసేసరికి విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న తప్పకుండా తిరుగుతుంది. వనభోజనాలకు వసూలు చేసినదాంట్లో కొంత మిగిలింది, ఏదైనా పిల్లల ఆశ్రమానికి ఇద్దామా? వినాయక చవితి పందిరి లెక్కలు తేలాక కూడా ఇదే ప్రశ్న. ఒకరు పిల్లలకు భోజనాలు పెట్టిద్దామంటారు. ఇంకొకరు దుప్పట్లు కొందామంటారు. రిటైరైన లెక్చరర్ ఒకాయన ఆదివారాలు లెక్కలు చెబుతానంటారు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఏటా ఏదో ఒకటి పంపుతానంటున్నాడని మూడో అంతస్తు ఆవిడ రాస్తారు. నాలుగు రోజుల చర్చ తర్వాత అందరిలోకీ సులువైనది ఖాయమవుతుంది: ఒక ఆదివారం మధ్యాహ్న భోజనం, దాని తర్వాత ఒక ఫోటో.

పిల్లలు ఆ పూట కడుపునిండా తింటారు, అందులో తప్పు పట్టాల్సింది లేదు. కానీ అదే డబ్బుతో, అదే మనుషులతో ఇంకేం చేయవచ్చో పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. ఇక్కడ ఆ పని చేద్దాం. పోల్చడానికి నేను వాడే కొలత ఒక్కటే: మీ గుంపు ఎంతకాలం నిలబడగలదు? ఎంత డబ్బు ఉందన్నది దాని తర్వాతి ప్రశ్న. ఒక్క రోజు వీలున్నవాళ్లు చేయగల మంచి వేరు, మూడేళ్లు ఉండగలవాళ్లు చేయగల మంచి వేరు. రెంటినీ కలగాపులగం చేసినప్పుడే పిల్లలకు ఆశ పెట్టి మాయమయ్యే పెద్దలు తయారవుతారు.

పద్దెనిమిది దగ్గర ఏం జరుగుతుంది

ఆశ్రమాల్లో ఉండే పిల్లలందరూ అనాథలు కారు. చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. పేదరికం, జబ్బు, తాగుడు, రెండో పెళ్లి, ఇలా ఏదో ఒక కారణంతో ఇంట్లో పెంచలేని స్థితి వచ్చి ఉంటుంది. విజయవాడ పెద్ద రైల్వే జంక్షన్ కాబట్టి ఎక్కడెక్కడి నుంచో రైలెక్కి వచ్చేసిన పిల్లలు కూడా ఇక్కడ దిగుతారు. వీధి బాలల కోసం 1989లో సలేషియన్ సభకు చెందిన కాథలిక్ ఫాదర్లు మొదలుపెట్టిన నవజీవన్ బాలభవన్ లాంటి సంస్థలు ఈ ఊళ్లో పుట్టడం యాదృచ్ఛికం కాదు.

2016 జనవరి నుంచి అమల్లో ఉన్న 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అలాంటి పిల్లలు జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ముందుకు వస్తారు. బిడ్డ ఆశ్రమంలో ఉండాలా, బంధువుల దగ్గరికి వెళ్లాలా, వేరే కుటుంబంలో పెరగాలా అన్నది ఆ సమితి ఉత్తర్వుతో తేలుతుంది. దాని కింద రోజువారీ పని చూసేది జిల్లా బాలల సంరక్షణ విభాగం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఈ ఆఫీసుల పరిధులు మారాయి. విజయవాడ నగరం ఎన్టీఆర్ జిల్లా అయింది, కానూరు, పోరంకి కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి. ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లిలో కాలు పెడితే గుంటూరు జిల్లా. ఆశ్రమం ఏ జిల్లాలో ఉందో చూసుకోకుండా కలెక్టరేట్‌కు వెళ్తే ఒక పూట వృథా అవుతుంది.

ఆశ్రమంలో ఉండే హక్కు పద్దెనిమిదేళ్లతో ముగుస్తుంది. ఆ తర్వాత అదే చట్టంలోని 46వ సెక్షన్ కింద ఆర్థిక సహాయం ఇవ్వవచ్చు. దీన్ని ఆఫీసుల్లో ఆఫ్టర్ కేర్ అంటారు. ఇది ఇరవై ఒక్క ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో రెండేళ్ల వరకు ఉంటుంది. మిషన్ వాత్సల్య అనే బాలల సంరక్షణ పథకానికి కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇందుకు పెట్టిన మొత్తం నెలకు 4,000 రూపాయలు.

ఈ వయసులను చదువుల కాలంతో కలిపి చూడండి. బడి మానకుండా చదివిన పిల్ల పదిహేడు, పద్దెనిమిదిలో ఇంటర్ పూర్తి చేస్తుంది. నాలుగేళ్ల ఇంజనీరింగ్ పట్టా చేతికి వచ్చేసరికి ఇరవై ఒకటో, ఇరవై రెండో వస్తాయి. అంటే సహాయం చివరి ఏడాదికి ముందే ఆగిపోవచ్చు. నడుమ రెండు, మూడేళ్లు చదువు పోగొట్టుకున్న పిల్లవాడైతే పద్దెనిమిదో పుట్టినరోజుకు పదో తరగతిలోనో ఇంటర్ మొదటి సంవత్సరంలోనో ఉంటాడు. వాడికి ఈ లెక్క మరీ కఠినం. మన ఇళ్లలో ఇరవై రెండేళ్ల కొడుక్కి ఫోను రీచార్జి చేసేది తండ్రే. ఆ వయసుకు వీళ్లు అద్దె గది, మెస్ బిల్లు, బస్సు పాసు అన్నీ సొంతంగా చూసుకోవాలి.

ఇకపై చెప్పే పోలికల్లో నేను ఈ వయసువాళ్ల వైపే మొగ్గుతాను. ఆరేళ్ల పాపకు కేకు తెచ్చేవాళ్లు దొరుకుతారు. పందొమ్మిదేళ్ల కుర్రాడి వైపు తిరిగి చూసేవాళ్లు దొరకరు.

భోజనం, దుప్పట్లు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఊరంతా వంటలు వండింది. వాహనాలు వెళ్లగలిగిన చోట పొట్లాలు పోగుపడ్డాయి, లోపలి సందుల్లో జనం మంచినీళ్లకు ఎదురుచూశారు. ఆశ్రమాల విషయంలోనూ జరిగేది ఇదే. మెయిన్ రోడ్డు మీద, కారు ఆపుకోవడానికి వీలుగా ఉన్నచోటికి ఆదివారాలు వరుసగా భోజనాలు వస్తాయి. ఒకే పూటకు ఇద్దరు దాతలు రావడం, వండినది మిగలడం మామూలే. ఊరి చివర ఉన్నదానికి మంగళవారం రాత్రి కూర ఏమిటో ఎవరికీ తెలియదు.

భోజనమే పెట్టాలనుకుంటే పండుగ కాని రోజు ఎంచుకోండి, ముందుగా వార్డెన్‌ను అడగండి, ఉపన్యాసం మానుకోండి. వాడిన బట్టలు వద్దు. ఆశ్రమం బడ్జెట్‌లో పట్టని చిన్న ఖర్చులు చాలా ఉంటాయి: కళ్లజోళ్లు, పళ్ల వైద్యం, శానిటరీ ప్యాడ్లు, ఆటల బూట్లు, ప్రవేశ పరీక్షల ఫీజులు. మిగులు చందా ఒక్కసారికే ఉందంటే దుప్పట్ల కంటే ఈ జాబితా మేలు.

ఫోటో గురించి కటువుగానే చెప్పాలి. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫోటో, బడి వివరాలు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నిషేధం. ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. వరుసగా కూర్చున్న పిల్లల ముందు బ్యానర్ పట్టుకుని తీసిన ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడాన్ని మనం దానగుణం అనుకుంటాం. రేపు అదే పిల్లవాడు ఆటోనగర్‌లో పనికి చేరినప్పుడు ఆ ఫోటో ఎవరి ఫోనులో తేలుతుందో ఎవరు చెప్పగలరు? దాతల గుంపు ఫోటో గేటు బయట తీసుకోండి.

డబ్బు: ఆశ్రమానికా, తల్లికా, పద్దెనిమిది దాటినవాళ్లకా

నెలనెలా ఇవ్వగలమని తేలాక మూడు దారులు కనబడతాయి.

మొదటిది ఆశ్రమానికే నేరుగా ఇవ్వడం. పద్దు రాసుకోవడానికి సులువు, రసీదు వస్తుంది, సంస్థ మంచిదైతే జీతాలు, కరెంటు బిల్లు వంటి, దాతలు ఇష్టపడని ఖర్చులకు ఆసరా అవుతుంది. వార్డెన్‌కు మంచి జీతం ఇవ్వడం కూడా పిల్లల సంక్షేమమే. ఈ మాట దాతలకు చెప్పగలిగిన సంస్థను నేను ఎక్కువ నమ్ముతాను.

రెండోది, బిడ్డ ఆశ్రమానికి రాకుండానే ఆపడం. భర్త పోయిన తల్లి, మనవళ్లను సాకుతున్న అమ్మమ్మ లాంటి కుటుంబాలకు మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. ప్రభుత్వ సొమ్ముతో పాటు ప్రైవేటు దాతలు కూడా ఇలా స్పాన్సర్ చేయడానికి ఆ మార్గదర్శకాల్లోనే వీలుంది. కలెక్టర్‌ను గానీ జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని గానీ కలిసి అడగవచ్చు. ఇందులో మీకు ఫోటో ఉండదు, నామఫలకం ఉండదు, బహుశా ఆ కుటుంబం మిమ్మల్ని ఎప్పటికీ కలవకపోవచ్చు. తల్లి దగ్గరే ఉండగలిగిన బిడ్డ విషయంలో మాత్రం ఆ నాలుగు వేలకు సాటి వచ్చే దానం నాకు కనబడదు. మీ గుంపులో పేరు కోరనివాళ్లు ఎక్కువగా ఉంటే ఈ దారి ఎంచుకోండి.

మూడోది ఆఫ్టర్ కేర్ నిధి. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే చిన్న గుంపులకు అందుబాటులో ఉండి కూడా ఎవరూ చూడని దారి ఇదే.

యాభై ఫ్లాట్ల సముదాయంలో ఫ్లాటుకు నెలకు వంద రూపాయలు వేసుకుంటే 5,000 అవుతుంది, ఏడాదికి 60,000. ప్రభుత్వం ఇచ్చే ఆఫ్టర్ కేర్ మొత్తం ఏడాదికి 48,000 కాబట్టి, మంజూరు కాని ఒకరి లోటును ఒక్క అపార్ట్‌మెంట్ పూర్తిగా పూడ్చగలదు. మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమాకో, జీఎన్ఎం నర్సింగ్‌కో ఒకరిని చివరిదాకా నిలబెట్టడానికి కావలసింది మొదటి నెల ఉత్సాహం ముప్పై ఆరో నెలలో కూడా ఉండడం. అందుకే యాభైమందిలో ముప్పైమందే మిగులుతారనుకుని లెక్క వేసుకోండి. ఇద్దరికి మాట ఇచ్చి ఏడాదిన్నరకు చేతులెత్తేయడం కంటే ఒక్కరికి మాట ఇచ్చి నిలబెట్టుకోవడం నయం.

ఈ నిధిని రెండు భాగాలుగా విడదీయమని నా సలహా. ఫీజు, మెస్ బిల్లు వంటివి తిరిగి రావు, వాటిని దానంగానే రాయండి. ఇంటి అద్దె అడ్వాన్సు అలా కాదు. గది ఖాళీ చేసినప్పుడు ఓనరు తిరిగి ఇస్తాడు. దాన్ని నిధి పేరున ఇచ్చి, తిరిగి వచ్చాక తర్వాతి పిల్లవాడికి వాడితే ఒకే సొమ్ము మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఐటీఐ పూర్తిచేసి వచ్చిన కుర్రాడికి పనిముట్ల పెట్టె కొనిస్తే మాత్రం వెనక్కి అడగకండి. తొలి జీతం నుంచే అప్పు కోయడం మొదలుపెడితే వాడు మీ ఫోను ఎత్తడం మానేస్తాడు.

నిధి ఎవరి చేతిలో ఉండాలి? రిజిస్టరైన సంస్థకు ఇచ్చి ‘పద్దెనిమిది దాటినవారి కోసం’ అని రాయించుకోవడం ఒక పద్ధతి. కనీసం ఏడుగురు కలిసి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొంత సంఘం పెట్టుకోవడం ఇంకో పద్ధతి. దాంతో ఆడిటు, సర్వసభ్య సమావేశం, ఏటేటా దాఖలు చేయాల్సిన కాగితాలు వస్తాయి. గుంపు మొదటి రెండేళ్లు నిలబడిందని తేలేదాకా సంఘం జోలికి పోవద్దు. మూడోది నేరుగా కాలేజీకి, హాస్టలుకు ఫీజు కట్టి రసీదు గ్రూపులో పెట్టడం. చిన్న గుంపుకు ఇదే చాలు. పద్దు తేటగా ఉంటుంది, పిల్లవాడి చేతికి నగదు ఇచ్చి ఏం చేశావని అడగాల్సిన ఇబ్బంది ఇద్దరికీ తప్పుతుంది. ఏ పద్ధతైనా సరే, చందా ఒక్కరి సొంత యూపీఐ ఖాతాలోకి వెళ్లనివ్వకండి. ఆయన ఎంత నిజాయితీపరుడైనా రెండో ఏడాదికి ఎవరో ఒకరు గుసగుస మొదలుపెడతారు. ఇద్దరి పేర్లతో విడి ఖాతా తెరవండి.

వసూలు చేసే తీరు

1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఇదే బెజవాడలో సమావేశమై మూడు లక్ష్యాలు పెట్టుకుంది: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల చరఖాలు. గడువు జూన్ 30. డబ్బు, మనుషులు, పనిముట్లు మూడూ ఒకే తీర్మానంలో ఉన్నాయి, తేదీ కూడా ఉంది. మన చందా పుస్తకాల్లో మొదటిదొక్కటే ఉంటుంది, అది కూడా తేదీ లేకుండా.

నెలవారీ చిన్న చందా విసుగు పుట్టించే పని. గుర్తుచేసే మనిషి కావాలి. అయినా ఆఫ్టర్ కేర్‌కు సరిపోయేది ఇదే, ఎందుకంటే హాస్టలు ఫీజు కూడా అలాగే నెలనెలా వస్తుంది. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పాటల సాయంత్రం పెడితే పేరు వస్తుంది, కొత్త దాతలు పరిచయమవుతారు. కానీ హాలు అద్దె, మైకు, శాలువాలు, జ్ఞాపికలు, ముఖ్య అతిథి ఆలస్యం, అన్నీ తీసేశాక చేతిలో మిగిలేది టిక్కెట్లు అమ్మినవాళ్ల శ్రమకు తగినంత ఉండదు. కార్యక్రమం పెట్టదలిస్తే ఆ సాయంత్రమే నెలవారీ చందాదారుల పేర్లు రాసుకోవడానికి వాడండి, అప్పుడు ఖర్చుకు అర్థం ఉంటుంది.

ఇంటర్నెట్‌లో విరాళాలు సేకరించే వేదికలు ఆపరేషన్ ఖర్చు లాంటి అత్యవసరాలకు పనికొస్తాయి. అక్కడ డబ్బు కదలాలంటే ఒక ముఖం, ఒక కన్నీటి కథ కావాలి. ఆశ్రమం పిల్లల విషయంలో ఆ రెండూ చట్టరీత్యా చూపకూడనివే. పద్దెనిమిది దాటినవారు తమంతట తామే ఒప్పుకున్నా నేను వద్దనే అంటాను. ఇరవై ఏళ్లకు ఒప్పుకున్న కథ ముప్పై ఏళ్లకు పెళ్లి సంబంధం చూసేటప్పుడు కూడా అక్కడే ఉంటుంది.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో విదేశాల డబ్బు గురించి చెప్పకుండా ఏ చందా సలహా పూర్తి కాదు. దాత ఎక్కడ ఉంటున్నాడన్నదాని కంటే అతని పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది ముఖ్యం. అమెరికాలో ఉద్యోగం చేస్తూ భారత పౌరుడిగానే ఉన్నవాళ్లు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే మాత్రం, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉన్న సంస్థ మాత్రమే దాన్ని తీసుకోవాలి, అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే. సంస్థకు అనుమతి లేదని ఇక్కడి బాబాయి ఖాతాలో వేసి ఆయన చేత ఇప్పించడం మంచి ఉపాయంలా కనిపిస్తుంది గానీ, చిక్కుల్లో పడేది ఆశ్రమమే. మీ అబ్బాయి పౌరసత్వం మారిందా లేదా అని ముందే అడగండి, మొహమాటపడకండి.

పన్ను మినహాయింపు కోసం ఇచ్చేవాళ్లకు ఒక మాట. 80జీ అని అందరికీ తెలిసిన సదుపాయం పాత పన్ను విధానంలో ఉన్నవారికే. రెండు వేలకు మించిన నగదు విరాళానికి అది వర్తించదు.

సమయం: ఆదివారం మేష్టారా, ఏళ్ల తరబడి అన్నయ్యా

కాలేజీలకు పేరుపడిన ఊళ్లు కాబట్టి పాఠం చెప్పగలవాళ్లకు ఇక్కడ కొరత లేదు. కొరత వరుసగా వచ్చేవాళ్లకు. జూన్‌లో పదిమంది వస్తారు, దసరా సెలవుల తర్వాత ఇద్దరు మిగులుతారు. ప్రతి మనిషీ మొదటి నుంచి మొదలుపెడతాడు కాబట్టి పిల్లలు భిన్నాలు నాలుగుసార్లు నేర్చుకుంటారు, బీజగణితం దాకా ఎవరూ తీసుకెళ్లరు. పాఠం చెప్పాలనుకుంటే ఒకే సబ్జెక్టు, ఒకే తరగతి, మార్చి పరీక్షల దాకా. అంతకు ఒప్పుకోలేకపోతే సెలవుల్లో వారం రోజులు కంప్యూటరో, వంటో, స్కూటర్ రిపేరో నేర్పి వెళ్లిపోండి. మొదలూ ముగింపూ ముందే చెప్పిన పని ఎవరినీ నొప్పించదు.

నా దృష్టిలో అన్నింటికన్నా అరుదైన సేవ పద్దెనిమిది దాటినవారికి తోడుగా ఉండే ఒక పెద్ద మనిషి. పెద్ద పనులేమీ ఉండవు. కాలేజీ దరఖాస్తులో గార్డియన్ ఫోన్ నంబరు రాసే గడి ఉంటుంది, అక్కడ ఎవరి నంబరు రాయాలి? గది అద్దెకు అడగబోతే ఇంటి ఓనరు ‘మీ వాళ్లెవరు, ఏ ఊరు, ఏమిట్లు’ అని అడుగుతాడు. జవాబు లేకపోతే గది లేదంటాడు. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మార్కుల జాబితాలో ఇంకో పేరు ఉంటుంది. కుల ధ్రువీకరణ పత్రం లేక ఫీజు రాయితీ ఆగిపోతుంది. జ్వరం వస్తే ఆసుపత్రిలో పక్కన కూర్చునేవాళ్లు ఉండరు. పండుగకు హాస్టలు మూసేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియదు. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద డబ్బు అక్కర్లేదు. మీసేవకు రెండుసార్లు వెళ్లే ఓపిక, ఓనరుతో ‘మా పిల్లే, నేను చూసుకుంటాను’ అని చెప్పే మాట కావాలి. రిటైరైన గుమస్తాలు, బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు దీనికి సరిగ్గా సరిపోతారు. కాగితాల భాష వాళ్లకు తెలుసు, ఉదయం పదకొండింటికి ఆఫీసుకు వెళ్లగలిగే తీరిక ఉంటుంది.

ఉద్యోగాల విషయంలోనూ ఊరి పరిచయాలే పెట్టుబడి. ఆటోనగర్‌లో షెడ్డు, వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టు, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం ఉన్నవాళ్లు మీ గుంపులో ఒక్కరైనా ఉంటారు. చందా అడిగే ముందు వాళ్లను ‘ఒకరికి పని నేర్పిస్తారా’ అని అడగండి. ఆశ్రమం నుంచి వచ్చాడు కదా అని తక్కువ జీతానికి ఎక్కువ గంటలు చేయించుకునే యజమానులు కూడా ఉంటారు. మొదటి మూడు నెలలు ఎవరో ఒకరు వెళ్లి పలకరిస్తున్నారని యజమానికి తెలియాలి.

పద్దెనిమిది లోపు పిల్లలతో పని చేసేటప్పుడు కొన్ని హద్దులు ఉన్నాయి. సంస్థ మీ గుర్తింపు పత్రాలు అడిగితే, పోలీసు ధ్రువీకరణ కోరితే నొచ్చుకోకండి. అడగని సంస్థనే అనుమానించండి. బిడ్డను ఒంటరిగా బయటికి తీసుకెళ్లడం, సొంత ఫోను నంబరు ఇవ్వడం, రహస్యంగా కానుకలివ్వడం వద్దు. బిడ్డ తనపై లైంగిక వేధింపు జరిగిందని చెబితే దాన్ని పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరి బాధ్యత. ‘సంస్థ పరువు’ అనే మాట అక్కడ చెల్లదు. ఏం చేయాలో తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

బిడ్డనే ఇంటికి తెచ్చుకోవడం

ఫోస్టర్ కేర్ అంటే బిడ్డను చట్టబద్ధంగా కొంతకాలం మన ఇంట్లో పెంచడం. దత్తత కాదు, ఆస్తి హక్కులు రావు. కేంద్రం 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం దంపతులే కాకుండా ముప్పై ఐదు నుంచి అరవై ఏళ్ల లోపు ఒంటరి వ్యక్తులు కూడా దరఖాస్తు చేయవచ్చు. ఒంటరి పురుషులకు ఆడపిల్లలను అప్పగించరు. ఆరేళ్లు దాటిన పిల్లల కోసమే ఈ ఏర్పాటు. రెండేళ్లు కలిసి ఉన్నాక, దత్తతకు చట్టపరంగా వీలున్న బిడ్డ అయితే అదే కుటుంబం దత్తత కోరవచ్చు. పెంచే కుటుంబానికి నెలకు 4,000 రూపాయలు ఇస్తారు.

దీన్ని గుంపు నిర్ణయంగా చేయకూడదు. ఇది ఒక ఇంటి నిర్ణయం, ఆ ఇంట్లో ఇప్పటికే ఉన్న పిల్లలు కూడా ఒప్పుకోవాలి. దత్తత వరుసలో ఆలస్యమవుతోందని దొడ్డిదారిగా దీన్ని చూసేవాళ్లు దూరంగా ఉండడం మంచిది, ఎందుకంటే సొంత తల్లిదండ్రులు కుదుటపడితే బిడ్డ తిరిగి వెళ్లిపోవచ్చు, అలా వెళ్లడమే ఆ ఏర్పాటు ఉద్దేశం. ఆ రోజు నవ్వుతూ బ్యాగు సర్దగలమనుకున్నవాళ్లు జిల్లా విభాగానికి వెళ్లండి. ఎవరో తెలిసినవాళ్లు ‘ఒక పాప ఉంది, తీసుకుంటారా’ అంటే అక్కడితో ఆపేయండి. సమితి ఉత్తర్వు లేకుండా బిడ్డను తెచ్చుకోవడం నేరం వైపు నడిపిస్తుంది.

సంస్థను ఎలా చూడాలి

పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్టరై ఉండాలి, ఆ సర్టిఫికెట్ ఐదేళ్లకే చెల్లుతుంది. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించి ఇదే అది అంటే నమ్మకండి, రెండూ వేరు. నేను వెతికేది కాగితంతో ఆగదు. ‘పోయిన మూడేళ్లలో మీ దగ్గర్నుంచి బయటికి వెళ్లిన పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారు’ అని పేర్లు అడగకుండా అడగండి. ‘ఇద్దరు నర్సింగులో, ఒకడు లారీ మీద, ఒకమ్మాయి సంగతి తెలియదు, వెతుకుతున్నాం’ అన్న జవాబు గోడ మీది షీల్డులన్నింటికన్నా విలువైనది. ‘అందరూ బాగా సెటిలయ్యారు’ అంటే ఇంకో ప్రశ్న అడగండి.

ఎవరికి ఏది

ఒక్కసారి మిగిలిన చందా ఉంటే: కళ్లజోళ్లు, పరీక్ష ఫీజులు, వార్డెన్ చెప్పిన జాబితా. నెలనెలా ఇవ్వగలిగి, పేరు పట్టింపు లేకపోతే తల్లి దగ్గర ఉన్న బిడ్డకు స్పాన్సర్‌షిప్. ముప్పైమందికి తక్కువ కాకుండా మూడేళ్లు నిలబడే గుంపు ఉండి, వాళ్లలో తీరిక ఉన్న రిటైరైనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే నిస్సందేహంగా ఆఫ్టర్ కేర్ నిధి, ఒక్క పిల్లతోనో పిల్లవాడితోనో మొదలు. డబ్బు తక్కువగా ఉండి సమయం ఉన్నవాళ్లు గార్డియన్ గడిలో తమ నంబరు ఇవ్వండి. రెండూ తక్కువైతే పని నేర్పించే యజమానిని వెతికి పెట్టండి, అది ఒక్క ఫోన్ కాల్ పని కావచ్చు.

మొదలుపెట్టే నెల కూడా ముఖ్యమే. ఇంటర్ ఫలితాలు వేసవిలో వస్తాయి, పాలీసెట్, ఐటీఐ ప్రవేశాలు ఆ చుట్టుపక్కలే, హాస్టలు ఫీజులు జూన్, జూలైలలో. కార్తీకంలో చర్చ మొదలైతే సంక్రాంతి లోపు ఖాతా తెరవండి. ఫిబ్రవరిలో ఆశ్రమానికి వెళ్లి రాబోయే ఏడాదిలో పద్దెనిమిది నిండేవాళ్లు ఎంతమందో అడగండి. వాళ్ల ఆధార్, టీసీ, కుల పత్రం, బ్యాంకు ఖాతా ఉన్నాయో లేదో అప్పుడే చూస్తే, సరిచేయించడానికి మూడు నాలుగు నెలలు దొరుకుతాయి.